పఠాన్‌కోట్‌లో మొదటి చలికాలం, క్వార్టర్‌లో పసిబిడ్డతో ఎలా? (భోగి, పోస్టింగ్ కబుర్లు కూడా ఇక్కడే)

పాలకొండ_పిల్ల
8 డిసెంబర్ 2024, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మా ఆయన ఆర్మీలో నాయక్. సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని పఠాన్‌కోట్‌లో క్వార్టర్ దొరికింది. దీపావళి అయ్యాక నేనూ బాబూ వచ్చాం. బాబుకి ఏడో నెల. మాది పాలకొండ దగ్గర పల్లెటూరు, పెళ్ళయ్యేదాకా విశాఖపట్నం దాటి ఎరగను.

ఇక్కడి చలి నాకు అంతుపట్టడం లేదు. పొద్దున కుళాయి తిప్పితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకట్టింది. శుక్రవారం రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి ఆదివారం సాయంత్రానికి కూడా పొంగలేదు, చివరికి దిబ్బరొట్టె పోశాను. గోడలు చెమ్మగా ఉంటున్నాయి. బాబు బట్టలు రెండు రోజులైనా ఆరడం లేదు.

పక్క క్వార్టర్ దీదీ చాలా మంచావిడ. తన దగ్గర బొగ్గుల కుంపటి ఒకటి అదనంగా ఉందట, ఇక్కడ అంగీఠీ అంటారు. రాత్రిళ్ళు గదిలో పెట్టుకుంటే బాబుకి వెచ్చగా ఉంటుంది, పట్టుకెళ్ళమంది. తీసుకోనా? [ఒక వాక్యం మోడరేటర్ తీసేశారు] నాకు హిందీ అంతంతమాత్రం. రాత్రిపూట ఏదైనా అయితే ఎవరిని పిలవాలో తెలియక టెన్షన్‌గా ఉంటోంది.

మోడరేటర్
8 డిసెంబర్, రాత్రి 9:40

స్వాగతం చెల్లెమ్మా. మీవారు ఎప్పుడు ఇంట్లో ఉండరో చెప్పే వాక్యం నేనే తీసేశాను, ఏమీ అనుకోవద్దు. ఇది ఎవరైనా చదవగలిగే చోటు. ఊరి పేరు వరకు చాలు. యూనిట్ పేరు, క్వార్టర్ నంబర్, గేటు ఫోటోలు, యూనిఫాంలో ఉన్న ఫోటోలు, సెలవు తేదీలు ఎవరూ పెట్టకండి. పాతవాళ్ళకి తెలిసిన మాటే అయినా, కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉంటాను.

మార్కాపురం_వదిన
8 డిసెంబర్, రాత్రి 10:05

అమ్మాయ్, ముందు కుంపటి సంగతి. వద్దు. పడుకునే గదిలో వద్దే వద్దు. ఆవిడ ప్రేమతోనే ఇస్తోంది, కాదనను. కానీ తలుపులు, కిటికీలు బిగించుకున్న గదిలో బొగ్గు పెట్టుకుని నిద్రపోయినవాళ్ళు పొద్దున లేవలేదన్న వార్త ఉత్తరాదిలో ప్రతి చలికాలం పేపర్లో వస్తుంది.

నా అనుభవం చెబుతాను. మేము 2013లో ఉత్తరాదిలోనే వేరే స్టేషన్‌లో ఉన్నాం. అప్పుడు నా పెద్దపిల్లకి రెండేళ్ళు. వంట అయ్యాక మిగిలిన నిప్పులు ఇనప బకెట్‌లో వేసి మంచం కిందకి తోశాను. పొగ లేదు, ఎర్రగా చక్కగా ఉన్నాయి నిప్పులు, ఇంకేం భయం అనుకున్నాను. అర్ధరాత్రి పిల్ల వాంతి చేసుకుంది. లేద్దామంటే నా కాళ్ళు నా మాట వినలేదు. తల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఉంది. మా ఆయనది నైట్ డ్యూటీ. ఎలా పాకానో తెలియదు, తలుపు గడియ తీసి గుమ్మంలో పడ్డాను. గుమ్మం అవతల మంచులో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పది నిమిషాలకి కళ్ళు నిలిచాయి. పక్కవాళ్ళు చూసి ఎమ్మై రూమ్‌కి, అదే స్టేషన్‌లోని చిన్న ఆసుపత్రికి, తీసుకెళ్ళారు. ఆ పిల్లకి ఇప్పుడు పదమూడేళ్ళు. చలికాలం వస్తే ఆ బకెట్ ఇంకా కళ్ళముందు కనిపిస్తుంది.

పిండి సంగతి, గోడల సంగతి రేపు రాస్తాను. ఈ రాత్రికి మాత్రం కుంపటి ఇంట్లోకి రానివ్వకు.

అంబాలా_నర్స్
9 డిసెంబర్, ఉదయం 6:30

వదిన చెప్పినదానికి కారణం నేను చెబుతాను, దీదీకి మీరు వివరించడానికి పనికొస్తుంది. మావారు ఎయిర్‌ఫోర్స్, నేను ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను.

చాలినంత గాలి అందకుండా బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేని ఎర్రటి నిప్పుల్లోంచి కూడా వస్తుంది, అందుకే జనం మోసపోతారు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, ఆ తర్వాత మత్తుగా నిద్ర. నిద్రలో ఉన్నవాళ్ళకి ఈ మొదటి గుర్తులేవీ తెలియవు. పసిపిల్లలు మనకంటే త్వరగా ఊపిరి తీస్తారు కాబట్టి వాళ్ళకి ముందు ఎక్కుతుంది. గర్భిణులకీ అంతే ప్రమాదం.

ఇంకో మాట. కరోనా రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటర్ అందరిళ్ళల్లో ఉంది కదా, దాన్ని నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది మామూలు రక్తంగానే చూసి 98, 99 చూపిస్తుంది. అనుమానం వస్తే ముందు మనిషిని బయటి గాలిలోకి తేవాలి, తలుపులన్నీ తెరవాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కాస్త తేరుకుంది కదా అని మళ్ళీ పడుకోబెట్టకూడదు.

బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్ళకీ ఇదే మాట. చిన్న బాత్‌రూమ్, వెంటిలేటర్‌కి చలి అని అట్టముక్క అడ్డం పెట్టడం, లోపల గడియ. ఇంతకంటే ప్రమాదం లేదు. ఆ అట్టముక్క ఈరోజే తీసేయండి.

పాలకొండ_పిల్ల
9 డిసెంబర్, మధ్యాహ్నం 1:15

వదినా, మీరు రాసింది చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే దీదీ దగ్గరికి వెళ్ళాను. నాకొచ్చిన హిందీలో చెప్పాను, మిగతాది ఫోన్‌లో తిప్పి చూపించాను. ఆవిడ గదిలో కూడా రోజూ పెట్టుకుంటోంది! వింటూ వింటూ, తనకి రోజూ పొద్దున తల బరువుగా ఉంటోందని, అది చలికే అనుకుంటున్నానని చెప్పింది. ఇద్దరం కలిసి కుంపటిని వెనక వరండాలోకి మార్చాం.

మరి గదికి ఏం చేయాలి?

మాధవరం_బాబాయి
9 డిసెంబర్, సాయంత్రం 5:20

అమ్మా, మంచి పని చేశావు. నేను సుబేదార్‌గా రిటైరై ఊళ్ళో ఉంటున్నాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే అందరికీ తెలుస్తుంది. మా ఊళ్ళో సిపాయి లేని ఇల్లు వెతకాలి. మా అమ్మ కూడా నీలాగే కొత్తపెళ్ళికూతురుగా పంజాబ్ క్వార్టర్స్‌లో దిగింది.

కరెంటు పని నాకు బాగా తెలుసు కాబట్టి ఆ సంగతి చెబుతాను. పసిబిడ్డ ఉన్న ఇంటికి ఆయిల్ నింపిన హీటర్ మేలు, రేకులు రేకులుగా నిలబడి ఉంటుందే, అది. ఎర్రటి తీగ బయటికి కనపడదు, గాలిని మరీ పొడిబార్చదు. ధర ఎక్కువే. రాడ్ హీటర్ అయితే గోడకి, పరుపుకి, కర్టెన్‌కి కనీసం మూడు అడుగుల దూరం ఉండాలి. బట్టలు దానిమీద ఆరేయకూడదు, ఎంత తడిగా ఉన్నా సరే.

2000 వాట్ల హీటర్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. మామూలు చిన్న సాకెట్ ఆరు ఆంపియర్లకే. కాబట్టి పెద్ద సాకెట్‌లోనే పెట్టు, ఆ పదిహేను ఆంపియర్ల సాకెట్ అంటామే దాంట్లో. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టకు. నా సర్వీసులో కరిగిపోయిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఎన్ని చూశానో లెక్కలేదు. గీజర్, హీటర్ ఒకేసారి వేయకు. ప్లగ్గు పట్టుకుంటే వేడిగా తగిలినా, సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ కనపడినా వెంటనే ఆపేసి ఎమ్ఈఎస్ (క్వార్టర్ల మరమ్మతులు చూసేవాళ్ళు) కంప్లైంట్ రిజిస్టర్‌లో రాయించు. నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. తేదీ, కంప్లైంట్ నంబర్ ఒక నోట్‌బుక్‌లో రాసుకో.

బకెట్‌లో పెట్టే రాడ్ ఉంటే: స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్ళలో చెయ్యి. వేడెక్కిందో లేదో అని వేలు పెట్టి చూసే అలవాటు చాలామందికి ఉంది. ఇనప బకెట్ అసలు వద్దు.

పడుకునే ముందు గంటసేపు గది వెచ్చబెట్టుకుని, హీటర్ ఆపి పడుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న పద్ధతి. వెయ్యి వాట్లు గంట నడిస్తే ఒక యూనిట్. ఆ లెక్క కూడా చూసుకోవాలి కదా.

అంబాలా_నర్స్
9 డిసెంబర్, రాత్రి 8:50

బాబు గురించి రెండు ముక్కలు. ఏడో నెల బిడ్డకి పెద్దవాళ్ళ రజాయి కప్పొద్దు, ముఖం మీదకి జారితే తీసుకునే శక్తి వాడికి లేదు. పల్చటి బట్టలు రెండు మూడు పొరలు, పైన ఉన్ని చొక్కా, కాళ్ళకి మేజోళ్ళు. నిద్రపోయేటప్పుడు తలకి టోపీ అక్కర్లేదు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు, చేతులు కాస్త చల్లగా ఉన్నా పర్వాలేదు. చెమట పడితే ఒక పొర తీసేయాలి. స్నానం మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడే, మంచు వీడని రోజు ఒళ్ళు తుడిస్తే సరిపోతుంది. నూనె గడ్డకడితే సీసాని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి, నేరుగా పొయ్యి మీద వద్దు.

మార్కాపురం_వదిన
10 డిసెంబర్, ఉదయం 11:10

ఇప్పుడు పిండి. భటిండాలో ఇది నా మూడో చలికాలం, ఆదివారం ఇడ్లీ ఒక్కసారి కూడా తప్పలేదు.

పప్పు నానబెట్టేటప్పుడే చెంచాడు మెంతులు వెయ్యి. నానబెట్టే నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. రుబ్బేటప్పుడు కూడా ఐసులాంటి కుళాయి నీళ్ళు పొయ్యకు. రుబ్బాక చేత్తో బాగా కలుపు, గరిటెతో కాదు, చేతివేడి దానికి కావాలి. ఉప్పు ఇప్పుడే వెయ్యొద్దు, పొంగాక వెయ్యి. ప్రెషర్ కుక్కర్‌లో రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి పారబోసి, ఆ వేడి కుక్కర్‌లో పిండి గిన్నె దింపి మూతపెట్టు. మొత్తాన్ని పాత కంబళిలో చుట్టి, మంచం మీద రజాయి మధ్యలో పెట్టు. నాకు పదహారు గంటలు పడుతుంది. మన ఊళ్ళోలా ఎనిమిది గంటలకే మూత తీసి చూడకు, తీసిన ప్రతిసారీ వేడి పోతుంది. మూత తీసినప్పుడు పైన చిన్న చిన్న బుడగలు, పుల్లటి వాసన, గరిటె ముంచితే నురుగు విరిగిన చప్పుడు వస్తే అయినట్టే.

పెరుగు హాట్‌బాక్స్‌లో తోడుపెట్టు. తోడు కాస్త ఎక్కువ, పాలు కాస్త వేడి.

గోడల చెమ్మకి ఒకటే మందు, ఎండ ఉన్నంతసేపు కిటికీలు తీసిపెట్టడం. చలి అని రోజంతా మూసుకుంటే మన ఊపిరి, వంట ఆవిరి గోడకే పడతాయి. బీరువా, సామాను వేసుకునే ఇనప నల్లపెట్టెలు గోడకి నాలుగు వేళ్ళ దూరం జరుపు. పెట్టెల కింద రెండేసి ఇటుకలు.

వైజాగ్_తీరం
10 డిసెంబర్, మధ్యాహ్నం 2:45

నల్లపెట్టెల మాట వచ్చింది కాబట్టి. మాది నేవీ, విశాఖలోనే ఉన్నాం. మీకు మంచు బాధ, మాకు ఉప్పుగాలి బాధ. ఇటుకలు పెట్టినా అడుగున తుప్పు పట్టేసింది. ఏడాదికోసారి గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన నల్లరంగు వేయించుకోవాల్సిందే. పేరు, నంబర్ రాసిన తెల్లరంగు పోతే మళ్ళీ రాయించుకోండి, లగేజీ దింపేటప్పుడు పదిమంది పెట్టెల్లో మనది వెతుక్కోవాలంటే అదే దిక్కు.

ఇక్కడి కబురు: ఈసారి నేవీ డే డిసెంబర్ 4న పూరీలో జరిగింది. మన ఆర్కే బీచ్‌లో విన్యాసాలు జనవరి 4న అంటున్నారు. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు మధ్యాహ్నమే రండి, సాయంత్రం బీచ్ రోడ్డు మీద బండి కదలదు.

సికింద్రాబాద్_ఇద్దరుపిల్లలు
11 డిసెంబర్, రాత్రి 10:30

చెల్లీ, రాత్రి ఎవరిని పిలవాలో తెలియదన్నావు, అది చదివి రాయకుండా ఉండలేకపోయాను. మావారు ఫీల్డ్‌లో ఉన్నారు. నేను పిల్లలిద్దరితో ఎస్ఎఫ్ఏ క్వార్టర్‌లో, అంటే ఫీల్డ్‌కి వెళ్ళినవాళ్ళ కుటుంబాలకి ఇచ్చే క్వార్టర్‌లో, ఉంటున్నాను. తెలుగు నేల మీదే ఉన్నా, రాత్రి రెండింటికి పిల్లాడికి జ్వరం 103 ఉంటే ఒక్కదాన్నే అన్న భయం ఎక్కడైనా ఒకటే.

మొదటి నెలలోనే ఒక పని చేశాను. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో ఎమ్మై రూమ్, మిలిటరీ హాస్పిటల్ ఎమర్జెన్సీ, యూనిట్‌లో ఆ పూట డ్యూటీలో ఉండే జేసీఓ (సుబేదార్ స్థాయి అధికారి), కరెంటు కంప్లైంట్, పక్కింటివాళ్ళ నంబర్లు రాసి ముఖద్వారానికి లోపలివైపు అతికించాను. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, ఆ సమయంలో ఫోన్ చార్జింగ్ ఉండదు, ఉన్నా చేతులు వణుకుతాయి. దాని పక్కనే ఒక కవర్‌లో డిపెండెంట్ కార్డు, పిల్లల టీకాల కార్డు, కాస్త డబ్బు. నా ఎనిమిదేళ్ళ పిల్ల ఆ నంబర్లు చూసి ఫోన్ చేయగలదు, రెండుసార్లు చేయించి చూశాను.

వెల్ఫేర్ మీటింగ్‌కి వెళ్ళు. నాకూ మొదట్లో బెరుకే. ఏం మాట్లాడాలో, ఎలా కూర్చోవాలో, ఏం చీర కట్టుకోవాలో అన్నీ సందేహాలే. ఆవా (ఆర్మీవాళ్ళ భార్యల సంక్షేమ సంఘం) మీటింగ్‌లో వెనక వరుసలో కూర్చుని వింటే చాలు, మూడో మీటింగ్‌కి నీ వెనక కూర్చునే కొత్తమ్మాయి ఒకతె వస్తుంది. అక్కడే మన తెలుగువాళ్ళు కూడా దొరుకుతారు.

పాలకొండ_పిల్ల
12 డిసెంబర్, ఉదయం 10:00

అక్కా, అట్ట రాసేశాను. తెలుగులోనూ రాశాను, హిందీలోనూ దీదీ చేత రాయించాను, నేను కాక వేరేవాళ్ళు చూడాల్సి వచ్చినా పనికొస్తుందని.

కంభం_సిపాయి
15 డిసెంబర్, రాత్రి 9:25

అన్నయ్యలకి, అక్కలకి నమస్తే. నాకు ఏప్రిల్‌లో క్వార్టర్ వస్తుందని అంటున్నారు. పెళ్ళై ఏడాది. తీసుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

మాధవరం_బాబాయి
16 డిసెంబర్, ఉదయం 7:15

బాబూ, మార్చింగ్ ఇన్ రోజు, అంటే క్వార్టర్ నీకు అప్పగించే రోజు, తొందరపడకు. ఆరోజు నువ్వు సంతకం పెట్టే కాగితంలో ఉన్న ప్రతి సామాను ఖాళీ చేసేరోజు నీ దగ్గర అడుగుతారు. ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, గీజర్, కుళాయిలు, సింకు, కిటికీ అద్దాలు, తాళంచెవులు ఒక్కొక్కటీ చేత్తో తాకి లెక్కపెట్టు. పగిలినది, కారేది, లేనిది ఆ కాగితం మీదే రాయించు. తర్వాత ప్రతి గదికీ వీడియో తియ్యి, ఆ రోజు తేదీ పలుకుతూ. పడిపోయిన పెచ్చు, గోడమీద మేకు రంధ్రం కూడా వదలకు. ఖాళీ చేసే మార్చింగ్ ఔట్ నాడు డ్యామేజీ నీ ఖాతాలో పడకుండా ఆ వీడియోనే కాపాడుతుంది. నేను ఒకసారి రెండు వెంటిలేటర్ అద్దాలు చూసుకోకుండా సంతకం పెట్టి, మూడేళ్ళ తర్వాత వాటికి డబ్బు కట్టాను.

కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో మరువకు. నీళ్ళు ఏ వేళకి వస్తాయో పాత ఫ్యామిలీని అడిగి తెలుసుకో, ట్యాంకు కడిగించు.

మార్కాపురం_వదిన
16 డిసెంబర్, మధ్యాహ్నం 12:40

గ్యాస్ సంగతి. ఊరు మారేటప్పుడు సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకుంటే డిపాజిట్ వెనక్కి ఇస్తారు, కొత్త ఊళ్ళో ఆ వోచర్ మీదే కనెక్షన్ దొరుకుతుంది. వోచర్ కాగితం లగేజీలో వేయకండి, చేతిసంచీలో ఉండాలి. మా లగేజీ ఒకసారి పన్నెండు రోజులు ఆలస్యమై, కాగితం అందులో ఇరుక్కుని, అన్నాళ్ళూ కరెంటు పొయ్యి మీద వండాం.

పిల్లలున్నవాళ్ళకి: కేంద్రీయ విద్యాలయంలో చదివే పిల్లల్ని బదిలీ మీద ఇంకో కేవీలో టీసీతో చేర్చుకుంటారు. టీసీ, మార్కుల కాగితం, పోస్టింగ్ ఆర్డర్ కాపీ మూడూ దగ్గరుంచుకోండి. ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలి. పిల్లల చదువు అలవెన్సు 2024 జనవరి నుంచి నెలకి 2,250 నుంచి 2,812 రూపాయల 50 పైసలకి పెరిగింది, ఇద్దరు పిల్లల వరకు. ఏడాది చివర స్కూల్ హెడ్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. స్కూల్ వదిలి వచ్చేశాక దానికోసం వెనక్కి తిరగడం నరకం, ముందే తీసుకోండి.

జోధ్‌పూర్_ఇసుక
17 డిసెంబర్, సాయంత్రం 6:05

మా దగ్గర పగలు ఎండ, రాత్రి ఎముకలు కొరికే చలి. కూలర్లు ఇప్పుడే నీళ్ళు తీసేసి, గడ్డి మార్చి, బోర్లించి కప్పిపెట్టండి. మిగిలిన నీళ్ళలో దోమలు పెరుగుతాయి. మార్చి చివర్లో అందరూ ఒకేసారి గడ్డి కోసం పరుగెత్తుతారు, అప్పుడు దొరకదు.

పాలకొండ_పిల్ల
2 జనవరి 2025, సాయంత్రం 4:30

ఇడ్లీ పొంగింది వదినా! గిన్నె అంచు దాకా వచ్చింది. ఫోటో పెడదామంటే మోడరేటర్ గారు ఏమంటారోనని ఆగాను.

ఇప్పుడు కొత్త దిగులు. బాబుకి మొదటి సంక్రాంతి. భోగిపళ్ళు పోయాలని అమ్మ రోజూ ఫోన్ చేస్తోంది. పొగమంచుకి రైళ్ళు గంటలకొద్దీ లేటు, పసివాడితో అంతదూరం వెళ్ళలేం. ఇక్కడ 13న లోహ్రీ (పంజాబీల మంటల పండుగ) అని అందరూ హడావిడిగా ఉన్నారు. మన భోగి కూడా 13నే కదా?

మోడరేటర్
2 జనవరి, సాయంత్రం 5:00

ఇడ్లీ ఫోటో హాయిగా పెట్టుకోండి.

మార్కాపురం_వదిన
2 జనవరి, రాత్రి 7:20

ఈసారి రెండూ ఒకే రోజు. మనది తెల్లవారుజామున, వాళ్ళది చీకటి పడ్డాక. వాళ్ళు మంటకోసం ఒక చోటు ముందే సిద్ధం చేసుకుంటారు. అక్కడే తెల్లవారుజామున మనం వేసుకుంటామని వాళ్ళని అడుగు, ఎవరూ కాదనరు. మేము పోయినేడు అలాగే చేశాం. లైన్‌లో పెద్దవాళ్ళకి చెప్పి, అనుమతి తీసుకుని చెయ్యండి. బ్లాకుకి, కార్లకి, కరెంటు తీగలకి దూరంగా. పక్కన రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్ళు. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వెయ్యనివ్వకండి. కంటోన్మెంట్ చెట్ల కొమ్మ ఒక్కటి కూడా విరవకూడదు, కట్టెలు బయట కొనుక్కోవాల్సిందే.

రేగుపళ్ళు బజారులో బేర్ అని అడుగు. మన చిన్న రేగుపళ్ళు దొరకవు, జామకాయంత ఉంటాయి. వాటిని అలాగే పిల్లాడి నెత్తిన పోస్తే దెబ్బ తగులుతుంది! చిన్న ముక్కలు కోసి, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, చెరుకు ముక్కలు, చిల్లర కలుపు. చిల్లర, శనగలు బాబు నోట్లో పెట్టుకోకుండా వెంటనే ఏరెయ్యి.

మాధవరం_బాబాయి
3 జనవరి, ఉదయం 8:00

అరిసెలకి ఇంతకంటే మంచి చోటు లేదమ్మా. ఇప్పుడు పంజాబ్‌లో కొత్తబెల్లం కాలం. రోడ్డు పక్కన చెరుకు ఆడి, పెద్ద బాణళ్ళలో కాచి అక్కడికక్కడే అమ్ముతారు. మరీ తెల్లగా మెరిసేది కాక ముదురురంగుది తీసుకో. బాస్మతి అరిసెలకి పనికిరాదు, పర్మల్ అని అడుగు.

సికింద్రాబాద్_ఇద్దరుపిల్లలు
3 జనవరి, ఉదయం 9:45

బాబాయి గారూ, పిండి ఎలా? తడిబియ్యం ఆ ఊరి చక్కీవాళ్ళు పట్టరు, గోధుమపిండి చక్కీ పాడవుతుందంటారు.

మార్కాపురం_వదిన
3 జనవరి, ఉదయం 11:30

మిక్సీలోనే. ఒక రోజంతా నానబెట్టి, నీళ్ళు వార్చి, బట్టమీద పావుగంట ఆరబెట్టి, గుప్పెడు గుప్పెడుగా పట్టి జల్లించాలి. పిడికిట బిగిస్తే ముద్దగా నిలబడాలి, అంత తడి ఉండాలి. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కావాలి. ఆ చలిలో ఒక తేడా ఉంది. స్టవ్ దింపిన పాకం చూస్తుండగానే బిగుసుకుంటుంది. ఒకరు పిండి పోస్తూ ఉండాలి, ఒకరు కలుపుతూ ఉండాలి. ఒక్కదానివే చెయ్యబోకు, దీదీని పిలు. చలిమిడి గిన్నె వేడినీళ్ళ పళ్ళెంలో పెట్టుకుని ఒత్తుకో.

కంభం_సిపాయి
9 జనవరి, రాత్రి 10:10

ఇక్కడ మెస్‌లో మేము తెలుగువాళ్ళం ఆరుగురం. అరిసెల గురించి వదిన రాసింది చదివి వినిపించాను. ఎవరూ ఏమీ అనలేదు, కాసేపటికి ఒకడు లేచి ఇంటికి ఫోన్ చేసుకున్నాడు.

మార్కాపురం_వదిన
9 జనవరి, రాత్రి 10:25

నీ అడ్రసు ఇక్కడ రాయకు నాయనా. మోడరేటర్ గారి ద్వారా నాకు పంపు. ఆరుగురికి సరిపడా అరిసెలు పంపిస్తాను.

పాలకొండ_పిల్ల
15 జనవరి, మధ్యాహ్నం 3:00

ఇవాళ కనుమ, ఆర్మీ డే కూడా. పొద్దున టీవీలో పూణే పరేడ్ చూశాం. 1949లో ఇదే రోజున కరియప్ప గారు మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి అయ్యారని మా ఆయన బాబుకి చెబుతుంటే వాడు టీవీని పట్టుకోబోయాడు.

భోగి గురించి చెప్పాలి. పిడకల కోసం పాలు పోసే ముసలాయన్ని అడిగాను. ఎందుకని అడిగితే, దండ గుచ్చి మంటలో వేస్తామని చేతులతో చూపించాను. మర్నాడు చిన్నచిన్నవి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, తనే చేసి తెచ్చాడు. డబ్బు తీసుకోలేదు. తెల్లవారి నాలుగున్నరకి పదడుగుల అవతల మనిషి కనపడనంత మంచు. ఇంకో రెండు తెలుగు కుటుంబాలు, ఒక ఒడియా కుటుంబం, మా దీదీ వాళ్ళు, అందరం చేరాం. కట్టెలు తడిసి మొదట అంటుకోలేదు. దీదీ లోపలికెళ్ళి తన బొగ్గుల సంచీ తెచ్చి మొత్తం మంటలో కుమ్మరించింది. "ఇంక ఇంట్లో ఉంచను" అంది. పొద్దున తల బరువు తగ్గిందట.

పిడకల దండని బాబు చేతికి పట్టించి మా ఆయన మంటలో వేయించారు. సాయంత్రం లోహ్రీకి మేం అరిసెలు పట్టుకెళ్ళాం, వాళ్ళు రేవడీలు (నువ్వుల బిళ్ళలు), వేరుశనగలు పోశారు. అరిసెలు కాస్త గట్టిగా వచ్చాయి వదినా. పాకం ముదిరింది, మీరన్నట్టే చూస్తుండగానే బిగిసింది. అయినా ఒక్కటీ మిగల్లేదు.

దీదీ ఇప్పుడు ఇడ్లీ నేర్పమంటోంది. పప్పు తనే తెచ్చిపెట్టింది. పిండి ఎక్కువైతే మా కుక్కర్ సరిపోదు. పెద్ద స్టీలు డబ్బాని కంబళిలో చుట్టినా పొంగుతుందా, లేక రెండు గిన్నెలుగా పెట్టాలా?

మార్కాపురం_వదిన
15 జనవరి, సాయంత్రం 4:10

రెండు గిన్నెలుగా పెట్టు. ఒకటి మీ రజాయిలో, ఒకటి వాళ్ళ రజాయిలో.